రాజుని ఓడించిన గిరిగారు, ఊపిరిలో మిగిలిన ధూళి

బొబ్బిలి అని ఎక్కడైనా పేరు సెప్తే ఎదుటోడు రెండే మాటలంటాడు. ఒకటి యుద్ధం, రెండోది వీణ. 1757లో బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు, కోట తగలబడిపోడం, ఈ కత మనం బుర్రకతల్లో సిన్నప్పట్నుంచీ ఇంటన్నాం. కానీ బొబ్బిలిలో రెండో యుద్ధం ఒకటి జరిగినాది. దాంట్లో ఫిరంగి లేదు, కత్తి లేదు. 1937లో ఓటు పెట్టెల కాడ జరిగినాది. ఒక పక్క బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారు. ఉత్తి రాజు కాదు, ఇప్పుడు మనం ముఖ్యమంత్రి అంటామే, మద్రాసు ప్రెసిడెన్సీకి ఆ కుర్సీలో కూకున్న మనిషి, జస్టిస్ పార్టీకి పెద్ద. రెండో పక్క రైలు కూలీల సంఘం మనిషి వరాహగిరి వెంకటగిరి. కోట రాజుది, జమీ రాజుది. గెలిసినాది మాత్రం గిరిగారు.

గ్రూప్ పరీక్షలకి సదివీ తమ్ముళ్లకి, సెల్లెళ్లకి ఆయన ఒక బిట్టు. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిసిన రాష్ట్రపతి ఎవరు? వి.వి.గిరి. ఒక మార్కు. అక్కడితో అయిపోనాది. ఆ బిట్టు ఎనకాల మనిషి గురించి ఇయ్యాల రాస్తన్నాను. ఎందుకంటే నా కాడ ఒక నోటుబుక్కుంది. బొబ్బిలి, తెర్లాం, బాడంగి, సీతానగరం పక్క ఊళ్ల నుంచి రాయి పనికి, గని పనికి, కొలిమి పనికి ఎల్లి దగ్గుతో తిరిగొచ్చినోళ్ల సంగతులు అందులో రాసుకుంటన్నాను. పేర్లు ఇక్కడ సెప్పను, అది ఆళ్ల ఇంటి సంగతి. కానీ అందరి సంచీలోనూ కాగితాలు ఒక్కలాగే ఉంటాయి. మందుల సీటీ ఉంటాది. టీబీ కార్డు ఉంటాది. అప్పు నోటు ఉంటాది. ఏ పని సేసినాడో, ఎన్నేళ్లు సేసినాడో, ఏ ధూళి పీల్సినాడో రాసిన కాగితం ఒక్కటీ ఉండదు.

ఆ కాగితం ఎవుడివ్వాలి, ఎప్పట్నుంచి ఇవ్వాలి అని ఎతుక్కుంటూ పోతే నాకు దారి గిరిగారి కాలం కాడికి తేలినాది. నాను పెద్ద కాలేజీలు సూసినోడిని కాదు. లైబ్రరీలో కూకుని, తెలిసినోళ్లని అడిగి, చట్టాలు కూడబలుక్కుని సదివినాను. తెలిసినంత మట్టుకు సెప్తాను.

బరంపురం నుంచి డబ్లిన్

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టినారు. ఇప్పుడది ఒడిషా. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా, మన ఇచ్ఛాపురం దాటితే అదే. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. కలిగిన బ్రాహ్మణ కుటుంబం. కూలి బతుకు ఆయనకి పుట్టుకతో వొచ్చిన సంగతి కాదు. ఎల్లి సూసి, దగ్గర కూకుని నేర్సుకున్నాదే.

1913లో లా సదవడానికి ఐర్లండు దేశంలో డబ్లిన్ ఎల్లినారు. ఆయన ఎల్లిన ఏడే ఆ ఊళ్లో యజమానులందరూ ఒక్కటైపోయి, సంఘంలో సేరం అని సంతకం పెట్టినోడికే పని అన్నారు. ఇరవై వేల మంది దాకా కూలీలు రోడ్డున పడినారు. నెలల తరబడి పిల్లలు పస్తులున్నారు. ఆ పోరాటంలో ముందున్నోళ్లలో ఒకడు జేమ్స్ కొనోలీ. 1916లో ఐరిష్ వాళ్లు బ్రిటిష్ వోళ్ల మీద తిరగబడినప్పుడు కొనోలీ కాలికి గుండు తగిలినాది. నిలబడలేని మనిషిని కుర్సీకి కట్టీసి కాల్సి సంపినారు. ఐరిష్ ఉద్యమం మనుషులతో తిరుగుతున్నాడని మన గిరిగారిని కూడా అనుమానించి, అదే ఏడు దేశం వొదిలి పొమ్మన్నారు. బారిస్టరు సదువుకి ఎల్లిన కుర్రోడు కూలోళ్ల సంఘం అంటే ఏటో సూసి తిరిగొచ్చినాడు.

వొచ్చిన కొన్నాళ్లు వకీలు పని సేసినారు. గాంధీగారు పిలిసినప్పుడు దాన్ని వొదిలీసినారు. 1922లో సారా కొట్ల కాడ పికెటింగు సేసి జైలుకి ఎల్లినారు. అక్కడ నుంచి ఆయన అడుగు రైలు పట్టాల మీద పడినాది.

బొగ్గు తోడీ సేతులు

మన పక్క రైలు అంటే అప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే. హౌరా నుంచి ఖర్గపూర్, బరంపురం, శ్రీకాకుళం రోడ్డు మీంచి వాల్తేరు దాకా ఆళ్లదే. బొబ్బిలి, పార్వతీపురం మీంచి రాయపూర్ ఎల్లీ లైను కూడా ఆ కంపెనీ ఏసినాదే. ఖర్గపూర్ వర్క్‌షాపుకి మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల నుంచి జనం బళ్ల కొద్దీ ఎల్లినారు. అందుకే ఆ ఊళ్లో ఇప్పటికీ వీధులకి వీధులు తెలుగోళ్లుంటారు. మన తాతల్లో కొందరి పింఛను అక్కడ నుంచే వొచ్చీది.

ఆ రోజుల్లో రైలింజను బొగ్గుతో నడిసీది. ఫైర్‌మన్ అనీవోడు పార పట్టుకుని మంట ముందర నిలబడి టన్నుల కొద్దీ బొగ్గు తోడి ఎయ్యాలి. షెడ్లో ఇంకొకడు బూడిద గీకాలి. ఆ బొగ్గు ఎక్కడ నుంచి వొచ్చీది? ఝరియా, రాణీగంజ్ గనుల నుంచి. కింద తవ్వినోడి ఊపిరిలోకి మొదట, పైన కాల్సినోడి ఊపిరిలోకి తరవాత, ఒకటే నల్ల ధూళి.

గిరిగారు ఆ రైలు కూలీలకి సంఘం కట్టినోళ్లలో ముందు మనిషి. 1920ల్లో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ పుట్టడంలో ఆయన సెయ్యి పెద్దది. సాలా ఏళ్లు దానికి కార్యదర్శి. 1926లో ఏఐటీయూసీకి అధ్యక్షుడు అయినారు. 1927లో ఖర్గపూర్‌లో పెద్ద సమ్మె, ఆ ఎనకే కంపెనీ తలుపులు మూసీడం, రెండూ ఆ సంఘం ఎదురు సూసినాది.

ఆ ఏడే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశానికి మన దేశపు కూలీల తరపున ఆయన ఎల్లినారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అప్పటికి ఆ సంస్థ ఒప్పందంలో పని వల్ల వొచ్చీ జబ్బులు అని రాసుకున్నవి మూడంటే మూడు. సీసం విషం, పాదరసం విషం, గొర్రె బొచ్చు తోలు పనిలో వొచ్చీ ఆంథ్రాక్స్. అది 1925 నాటి జాబితా. రాతి ధూళితో వొచ్చీ సిలికోసిస్‌ని అందులో సేర్సినాది 1934లో. ఆ కొత్త ఒప్పందానికి మన దేశం సంతకం పెట్టినాది 1964లో. ముప్పయ్యేళ్లు. ఒక కూలోడు పనిలో సేరి, దగ్గు పట్టి, సచ్చిపోడానికి సరిపోయీ కాలం అది.

రాజు గారి జమీలో ఓటు

ఇప్పుడు 1937కి వొద్దాం. బొబ్బిలిలో రాజాకి ఎదురు ఎవుడు నిలబడతాడు అంటే కాంగ్రెస్ గిరిగారిని నిలబెట్టినాది. ప్రెసిడెన్సీ మొత్తం మీద కాంగ్రెస్ 215కి 159 సీట్లు గెలిసినాది. జస్టిస్ పార్టీ కూలిపోనాది. సొంత జమీలో రాజావారే ఓడిపోడం దేశమంతా సెప్పుకున్న సంగతి.

మనం గొప్పగా సెప్పుకునీ ముందర ఒక నిజం కూడా సెప్పుకోవాలి. అప్పుడు అందరికీ ఓటు లేదు. పన్ను కట్టినోడికి, కొంచెం ఆస్తి, కొంచెం సదువు ఉన్నోడికే ఓటు. జమీలో కంబారికి లేదు, గనిలో కూలికి లేదు, కొండ మీద సవరోడికి లేదు. రాజుని ఓడించినాది ముఖ్యంగా శిస్తుతో ఇసిగిపోయిన రైతులు, ఊళ్లో సదువుకున్నోళ్లు. కూలోళ్ల మనిషి గెలిసినాడు గానీ కూలోళ్లలో సాలామందికి ఆయనకి ఓటెయ్యడానికి కూడా హక్కు లేదు.

రాజాజీ మంత్రివర్గంలో గిరిగారికి కార్మిక, పరిశ్రమల శాఖ ఇచ్చినారు. మిల్లుల గొడవల్లో విచారణ కమిటీ ఏసి, రెండు పక్కలనీ కూకోబెట్టి మాట్లాడించడం ఆయన పద్ధతి. దాన్నే తరవాత గిరి పద్ధతి అని పేరు పెట్టినారు. కోర్టులు, ట్రిబ్యునళ్లు ఎనక, ముందు సంఘం, యజమాని ఎదురెదురుగా కూకుని తేల్సుకోవాలి అన్నాది ఆయన నమ్మకం. బలమైన సంఘం ఉన్న కాడ అది మంచి మాటే. సంఘం లేని కాడ ఎదురుగా కూకోడానికి ఎవుడున్నాడు? ఈ ప్రశ్న దగ్గర పెట్టుకోండి, మళ్లీ వొద్దాం.

1939లో యుద్ధం వొచ్చి మంత్రివర్గం రాజీనామా ఇచ్చినాది. 1942లో క్విట్ ఇండియాలో ఆయన్ని జైల్లో ఏసినారు. మూడేళ్లు లోపటే.

ధూళి సంగతి

బొబ్బిలిలో ఓట్లు పడిన ఆ 1937లోనే బ్రిటన్లో సౌత్ వేల్స్ బొగ్గు గనుల కాడ డాక్టర్లు ఒక పెద్ద పరిశీలన మొదలెట్టినారు. అప్పటి దాకా పెద్ద పెద్ద డాక్టర్లే ఏటనుకునీవోరంటే, రాతి ధూళి మంచిది కాదు గానీ ఉత్తి బొగ్గు ధూళి ఏటీ సెయ్యదు అని. గని కార్మికుడు దగ్గుతాడు, నల్లగా ఉమ్ముతాడు, నలభై ఐదేళ్లకే మెట్లెక్కలేడు. అయినా నువ్వు తవ్వినాది రాయి అని రుజువు సెయ్యి, అప్పుడే నష్టపరిహారం అనీవోరు. ఆ పరిశీలనలో తేలినాది ఏటంటే, బొగ్గు ధూళి కూడా ఊపిరితిత్తుల్ని పాడు సేస్తాది. 1943 నుంచి బ్రిటన్లో బొగ్గు కార్మికులకి ఆ జబ్బు కింద పరిహారం ఇవ్వడం మొదలైనాది.

ఆ జబ్బు పేరు న్యుమోకోనియోసిస్. పేరు పెద్దది గానీ పని సులువుగా అర్తమవుతాది. మన ఎంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు ఉంటాదనుకోండి. కంటికి కనపడీ ధూళి ముక్కులో ఎంట్రుకలకి, గొంతులో తెమడకి అంటుకుని బైటికి వొచ్చీస్తాది. ఐదు మైక్రాన్ల కంటే సన్నం ధూళి కంటికి కనపడదు, అదే తిన్నగా ఊపిరితిత్తుల సివరి గదుల దాకా దిగిపోతాది. ఒంట్లో కాపలా కణాలు దాన్ని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. ధూళి పేరుకుంటాది, దాని సుట్టూ గాయం మానినప్పుడు కట్టీ మచ్చలాటిది కడతాది. మెత్తటి స్పాంజీ లాటి ఊపిరితిత్తి గట్టిపడిపోతాది. ధూళిలో రాతి సిలికా కలిస్తే ఇంకా తొందరగా పాడవుతాది, కాపలా కణాలే సచ్చిపోతాయి, టీబీ ఎక్కువగా పట్టుకుంటాది.

ఇది వొచ్చీడానికి మామూలుగా పదేళ్లు, ఇరవయ్యేళ్లు పడతాది. రాతిని మిషనుతో కోసీ పనిలోనైతే ఇంకా ముందే రావొచ్చు. పని మానీసినాక కూడా ముదురుతాది. మచ్చలు కట్టిన ఊపిరితిత్తిని మళ్లీ మామూలుగా సేసీ మందు లేదు. ఆపడానికి మాత్రం దారులున్నాయి. తడిపి తవ్వడం, నీళ్లు జల్లడం, గాలి బాగా ఆడించడం, ధూళిని పుట్టిన కాడే లాగీ మిషను పెట్టడం, అన్నిటికీ సివర్న మాస్కు. మన కాడ అన్నీ వొదిలీసి మాస్కు ఒక్కటే ఇస్తారు. అది కూడా గుడ్డ ముక్క. ఐదు మైక్రాన్ల ధూళికి గుడ్డ ముక్క అడ్డమా?

మన దేశంలో ఈ సంగతి ముందు తెలిసినాది బొగ్గు కాడ కాదు, బంగారం కాడ. కోలార్ గనుల్లో మన చిత్తూరు పక్క తెలుగోళ్లు సాలామంది పని సేసినారు. 1940ల్లో అక్కడ ఏడున్నర వేల మందిని పరీక్ష సేస్తే వందకి నలభై మందికి పైగా సిలికోసిస్ తేలినాది. బొగ్గు సంగతికి వొస్తే మన తెలుగు నేల మీద సింగరేణి ఉంది. 1871లో ఇల్లందు కాడ డాక్టర్ కింగ్ బొగ్గు కనిపెట్టినాడు. 1889 నుంచి తవ్వుతున్నారు. నూరేళ్ల పైన తరాలు తరాలు ఆ ధూళిలో దిగినారు.

1952లో పుట్టిన కాగితం

స్వతంత్రం వొచ్చినాక గిరిగారిని సిలోనుకి హైకమిషనరుగా పంపినారు. 1952లో మొదటి లోక్‌సభ ఎన్నికల్లో మన పాతపట్నం నుంచి గెలిసినారు. ఈ పాలి అందరికీ ఓటుంది, కూలోడికీ ఉంది. నెహ్రూగారు ఆయనకి కేంద్ర కార్మిక శాఖ ఇచ్చినారు.

గనుల చట్టం 1952 అప్పుడే వొచ్చినాది. సరిగ్గా సెప్పాలంటే ఆ చట్టం తయారైనాది అంతకు ముందున్న మంత్రి జగ్జీవన్ రాం గారి కాలంలో. అమల్లోకి వొచ్చినాది 1952 జులై 1న, గిరిగారు కుర్సీలో కూకున్నాక. ఆ చట్టం 25వ సెక్షను కింద సిలికోసిస్‌ని, న్యుమోకోనియోసిస్‌ని ప్రకటించిన జబ్బులుగా సేర్సినాది కూడా ఆ ఏడే. దాని అర్తం ఏటి? గనిలో పని సేసీవోడికి ఆ జబ్బు వొచ్చినాదని తెలిస్తే యాజమాన్యం గనుల ఇనస్పెక్టరుకి రాసి పంపాలి. సూసిన డాక్టరు కూడా రాయాలి. రాయకపోతే తప్పు.

నాను ఎతికిన కాగితం ఇదే. దగ్గు అనీది ఆడి ఇంటి కర్మ కాదు, ఆడి పని వల్ల వొచ్చినాది అని సర్కారు పుస్తకంలో ఎక్కీ కాగితం. అది 1952 నుంచీ మన చట్టంలో ఉంది. ఇంకో సంగతి మీకు తెలీకపోతే తెలుసుకోండి. చట్టం లెక్కలో గని అంటే బొగ్గు గని ఒక్కటే కాదు. పైన ఆకాశం కనపడీ రాతి క్వారీ కూడా గనే. టెక్కలి పక్క గ్రానైటు కొండ కూడా గనే. చీపురుపల్లి, గరివిడి పక్క 1890ల నుంచి తవ్వుతున్న మాంగనీసు కూడా గనే. మాంగనీసు ధూళి ఊపిరితోనే ఆగదు, నరాల్ని కూడా పడతాది.

గిరిగారు ఆ కుర్సీలో రెండేళ్ల మీద కొన్ని నెలలే ఉన్నారని సెప్పాలి. 1954లో బేంకు ఉద్యోగుల జీతాల గురించి ట్రిబ్యునల్ ఒక తీర్పిచ్చినాది. సర్కారు దాన్ని తగ్గించీసినాది. కార్మిక మంత్రిగా ఉండి కార్మికుడికి వొచ్చిన తీర్పుని కోసీడం నా వల్ల కాదని ఆయన రాజీనామా ఇచ్చీసినారు. మంత్రి పదవి కోసం పార్టీలు మారీ కాలంలో మనం ఉన్నాం గాబట్టి ఇది ఒకసారి ఆగి తలుసుకోవలసిన సంగతి.

పార్వతీపురం సంగతి

గొప్పోళ్ల కతలు రాసినప్పుడు ఇబ్బంది పెట్టీ ముక్కలు దాటీడం మనోళ్లకి అలవాటు. నాను దాటను. 1957లో గిరిగారు పార్వతీపురం నుంచి పార్లమెంటుకి నిలబడినారు. అప్పుడది రెండు సీట్ల నియోజకవర్గం, ఒకటి గిరిజనులకి, ఒకటి జనరల్. ఓట్లు లెక్కెడితే గిరిజన అభ్యర్థులిద్దరు ముందుకొచ్చినారు. ఒకరు రిజర్వు సీటుకి, రెండో ఆయన దిప్పల సూరిదొర గారు జనరల్ సీటుకి గెలిసినట్టు ప్రకటించినారు. మాజీ కేంద్ర మంత్రి ఒక మూకదొర సేతిలో ఓడిపోయినాడు.

గిరిగారు కోర్టుకెల్లినారు. సూరిదొర గిరిజనుడు కాదు, క్షత్రియుడైపోయినాడు అన్నాది ఒక వాదన. గిరిజనుడు జనరల్ సీటులో ఎలా గెలుస్తాడు అన్నాది ఇంకో వాదన. 1959లో సుప్రీంకోర్టు రెండూ కొట్టీసినాది. ఎక్కువ ఓట్లొస్తే గిరిజనుడు జనరల్ సీటులో కూడా గెలవొచ్చు అని తేలిపోనాది. 1937లో రాజుని ఓడించిన మనిషే ఇరవయ్యేళ్లకి కొండ దిగొచ్చిన మనిషి గెలుపుని ఒప్పుకోలేకపోనాడు. ఇది ఆయన మంచి పనుల్ని సెరిపీదు. ఆ మంచి పనులు కూడా దీన్ని సెరపవు. కూలోళ్ల కోసం నిలబడినోడు కులం, కొండ అన్న గీతలు కూడా దాటినాడని మనం అనుకోకూడదు, అంతే.

రాష్ట్రపతి సంతకం

ఆ తరవాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మేలో జాకీర్ హుస్సేన్ గారు పోయినాక తాత్కాలిక రాష్ట్రపతి. ఆ జులై 19న 14 బేంకులు జాతీయం సేసీ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా ఇచ్చి, స్వతంత్రంగా రాష్ట్రపతి ఎన్నికకి నిలబడినారు. ఎదురు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు, ఆయనా తెలుగోరే. రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కెట్టినాక గిరిగారు గెలిసినారు.

అదే 1969లో అమెరికాలో వెస్ట్ వర్జీనియా బొగ్గు కార్మికులు, సంఘం పెద్దలు పిలవకపోయినా, వేల మంది గని దిగం అని కూకున్నారు. మా ఊపిరితిత్తుల జబ్బుకి పరిహారం కావాలి అన్నాదే ఆళ్ల కోరిక. రాష్ట్రం చట్టం సేసినాక గానీ గని దిగలేదు. ఆ ఏడాది సివరికి అమెరికా సర్కారే బొగ్గు గనుల ఆరోగ్య చట్టం తెచ్చినాది, ధూళి ఎంత మించకూడదో అంకె ఏసినాది.

మన కాడ 1972లో కోకింగ్ బొగ్గు గనులు, 1973లో మిగతా బొగ్గు గనులు జాతీయం అయినాయి. ఆ చట్టాలొచ్చినప్పుడు రాష్ట్రపతి గిరిగారే. ప్రైవేటు కాంట్రాక్టర్ల కింద జీతం, బోనసు, లెక్కా పత్రం లేకుండా దిగిన లక్షల మంది సర్కారు ఉద్యోగులైనారు. జబ్బు పోలేదు గానీ ఆసుపత్రి వొచ్చినాది, పేరు రిజిస్టరులో ఎక్కినాది. అది సిన్న సంగతి కాదు.

సివరి ముక్క సెప్పడానికే కష్టం. 1974 మే 8న దేశమంతా రైలు కార్మికులు సమ్మె సేసినారు. నడిపించినాది అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్. గిరిగారు కట్టిన సంఘమే. రాష్ట్రపతి భవనంలో ఉన్నాదీ గిరిగారే. సర్కారు వేల మందిని జైల్లో ఏసినాది, క్వార్టర్ల నుంచి కుటుంబాల్ని గెంటీసినాది. ఇరవై రోజులకి సమ్మె ఆగిపోనాది. ఎదురెదురుగా కూకుని మాట్లాడుకోవాలన్న ఆయన పద్ధతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. ఆగస్టులో ఆయన దిగిపోయినారు. 1975లో భారతరత్న ఇచ్చినారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూసినారు.

మరి మన సంగతి?

ఇందాక ఒక ప్రశ్న దగ్గర పెట్టుకోమన్నాను. సంఘం లేని కాడ ఎదురుగా కూకోడానికి ఎవుడున్నాడు? ఇప్పుడు మన కుర్రోళ్లు ఎల్తన్నాది అలాటి కాడికే. గుత్తేదారు కింద గుత్తేదారు, ఆడి కింద మేస్త్రీ. ఆరు నెలలు ఒక క్వారీ, ఏడాది ఇంకో రాష్ట్రం. కంపెనీ పేరు తెలీదు, గేటు మీద బోర్డు తెలుసు. ఇలాటోడి ఊపిరితిత్తి పాడైతే ఏ ఇనస్పెక్టరుకి ఎవుడు రాస్తాడు? 1975 డిసెంబరులో చాస్‌నాలా గనిలో నీళ్లు దూసుకొచ్చి 370 మందికి పైగా సచ్చిపోయినారు. దేశమంతా తెలిసినాది. ధూళితో పోయినోడికి తారీకు ఉండదు, ఫోటో ఉండదు. ఇంటి అరుగు మీద కూకుని మెల్లిగా పోతాడు. మనం టీబీ అన్నీసి కర్మం సేసీస్తాం.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల్ని కలిపీసి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వొచ్చినాయి. గనుల చట్టం కూడా అందులో కలిసిపోనాది. వాటిలో నాకు నచ్చని ముక్కలు సాలా ఉన్నాయి, అది ఇంకో రోజు రాస్తాను. కానీ రెండు ముక్కలు మాత్రం మనం పట్టుకోవాలి. ఒకటి, పనిలో పెట్టుకున్న ప్రతీవోడికీ నియామక పత్రం ఇవ్వాలి. రెండు, నిబంధనల ప్రకారం ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష సేయించాలి. సిలికోసిస్ ఇప్పటికీ తెలియజెయ్యాల్సిన జబ్బుల జాబితాలోనే ఉంది. పని వల్ల వొచ్చిన జబ్బుని పనిలో జరిగిన ప్రమాదం లాగే లెక్కెట్టి పరిహారం ఇవ్వాలన్న సూత్రం కూడా ఉంది.

కాబట్టి తమ్ముళ్లూ, సెల్లెళ్లూ, మీ ఇంట్లోంచి ఎవుడైనా ధూళి పనికి ఎల్తే ఇవి సెయ్యండి. ఎల్లే ముందర ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించి ఇంట్లో దాసండి. గేటు మీద బోర్డుని, గేటు పాసుని, మేస్త్రీ పంపిన జీతం మెసేజీని ఫోనులో ఫోటో తీసి ఇంటికి పంపమనండి. ఎన్నో తారీకున సేరినాడు, ఎప్పుడు మానీసినాడు అన్నాది ఒక పుస్తకంలో రాయండి. దగ్గుతో వొస్తే డాక్టరు కాడ మొదటి మాటే ఆడు సేసిన పని గురించి సెప్పండి, ఆ మాట సీటీ మీద రాయమనండి. టీబీ పరీక్ష సేయించండి, తప్పదు. కానీ కఫంలో టీబీ లేదని వొచ్చి, మందులాడినా ఆయాసం తగ్గకపోతే, పని జబ్బుల ఎక్స్‌రే సదవడం తెలిసిన డాక్టరు కాడికి పంపమని అడగండి. దానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇచ్చిన కొలత ఉంది. మామూలు కళ్లకి రెండు ఎక్స్‌రేలూ ఒకలాగే కనపడతాయి.

ఇంకో రాష్ట్రం సంగతి సెప్తాను. రాజస్థాన్లో రాతి కార్మికులు, ఆళ్ల ఇంటి ఆడోళ్లు ఏళ్ల తరబడి రోడ్డెక్కితే 2019లో సర్కారు ఒక పాలసీ తెచ్చినాది. సిలికోసిస్ అని సర్టిఫికెట్ అయితే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు, పింఛను. ఆడు ఏ గుత్తేదారు కింద పని సేసినాడో రుజువు లేకపోయినా ఇస్తారు. ఆ డబ్బుతో ఊపిరి తిరిగి రాదు. కానీ ఆడు దేనివల్ల సచ్చిపోయినాడో సర్కారు కాగితం మీద ఒప్పుకుంటాది. మనకీ అలాటి పాలసీ కావాలి. గ్రామసభలో తీర్మానం పెట్టడానికి డబ్బులక్కర్లేదు, పది మంది సెయ్యెత్తితే సాలు.

1937లో ఓటు లేనోళ్లు ఎక్కువ. ఇప్పుడు అందరికీ ఓటుంది, సేతిలో ఫోనుంది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం పక్క ఏ ఊళ్లోనైనా ధూళి పని సేసి దగ్గుతున్న మనిషుంటే, ఆడి పని వివరం ఈ వారం రాయడం మొదలెట్టండి. నా నోటుబుక్కు ఒక్కటి సరిపోడం లేదు.